పనిలో మనసు లేదంటున్నారా? ముందు మంచినీళ్ల కుండ చూడండి



కిందటి వేసవిలో ఒకనాటి సాయంత్రం నిమ్మాడ కూడలిలో టీ తాగుతూ ఉండగా, పలాసలో జీడిపప్పు పరిశ్రమ నడుపుతున్న ఒక యజమాని వచ్చి పక్కన కూర్చున్నారు. చాలా ఏళ్ల క్రితం ఆయన తండ్రిగారికి నేను వైద్యం చేశాను. ఆ చనువుతో మాటల మధ్యలో ఒక ప్రశ్న వేశారు. "డాక్టరుగారూ! బీపీకి మందుంది, షుగరుకు మందుంది. పనివాళ్లకు పని మీద మనసు నిలిచే మందు ఏదైనా ఉంటే రాసిపెట్టండి."

నవ్వుతూనే అడిగినా ఆయన బాధ నిజమైనది. దసరాకు చీరలు పెట్టారు. సంక్రాంతికి బోనసు ఇచ్చారు. పని ఎలా సాగుతున్నదో చూడడానికి కెమెరాలు బిగించారు. అయినా నలభైమంది ఆడవాళ్లలో రోజూ ఆరేడుగురు రారు. వచ్చినవారు మధ్యాహ్నం దాటేసరికి నెమ్మదిస్తారు. పప్పు విరిగిపోతుంది. పక్క పరిశ్రమవారు కిలోకు రూపాయి ఎక్కువిస్తామంటే అటు వెళ్లిపోతారు. "ఎంత చేసినా వీళ్లకు పని మీద శ్రద్ధ కుదరదండీ" అని నిట్టూర్చారు.

నేను వ్యాపారం చేసినవాడిని కాను. లాభనష్టాల లెక్క నాకు తెలియదు. నాకు తెలిసినది మనిషి శరీరం. గైర్హాజరు, మధ్యాహ్నపు మందకొడితనం, చేతిపని తప్పడం అనే మూడు లక్షణాలను ఒక వైద్యుడి ముందు పెడితే అతనికి మొదట తట్టేది సోమరితనం కాదు. నీరు చాలడం లేదేమో, రక్తం తక్కువగా ఉందేమో, నొప్పి ఉందేమో అని అతను ఆలోచిస్తాడు. ఆనాడు ఆ యజమానికి చెప్పిన సంగతులే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు పదిమందికి పని ఇచ్చేవారైనా, ఇంట్లో ఒక్క పనిమనిషిని పెట్టుకున్నవారైనా ఇవి మీకు వర్తిస్తాయి.

నేను చేసిన పొరపాటు

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజులలో జీడి పరిశ్రమలలో పనిచేసే స్త్రీలు తరచుగా నా దగ్గరికి వచ్చేవారు. మూత్రంలో మంట, నడుము నొప్పి, తలనొప్పి, నీరసం. అందరికీ ఒకే మాట చెప్పేవాడిని: "అమ్మా, నీళ్లు బాగా తాగాలి. రోజుకు మూడు లీటర్లు." మందులు రాసి పంపేవాడిని. నెల తిరగకుండా అదే మనిషి అదే బాధతో మళ్లీ వచ్చేది. చెప్పిన మాట వినడం లేదని నేను విసుక్కునేవాడిని.

ఒకసారి అలా విసుక్కున్నప్పుడు, యాభై ఏళ్లుంటాయేమో, ఒకామె తల వంచుకుని నెమ్మదిగా అన్నది: "తాగమంటారు గానీ బాబూ, తాగితే ఎక్కడికెల్లాల?"

ఆమె పనిచేసే చోట ముప్పైమందికి పైగా ఆడవాళ్లున్నారు. మరుగుదొడ్డి ఒక్కటే. దానికి గడియ లేదు. మగవాళ్లు కూర్చునే బట్టీ పక్కనుంచి వెళ్లాలి. అందువల్ల వాళ్లు ఉదయం ఇంట్లో నీళ్లు తాగడం మానేసి వస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్లాకే మళ్లీ తాగుతారు. పైగా వాళ్లకు కూలి రోజు లెక్కన కాదు, కిలో లెక్కన. లేచి వెళ్లిన ప్రతిసారీ కొన్ని రూపాయలు పోతాయి.

ఇన్నేళ్లు నేను రాసిన సలహా ఆచరణకు పనికిరానిదని ఆనాడు తెలిసింది. అడగవలసిన ప్రశ్నను నేను అడగనే లేదు. ఈ రోజు యజమానులు అడగనిది కూడా అదే ప్రశ్న.

శ్రద్ధ తగ్గడానికి శరీర కారణాలు

మన శరీరం బరువులో రెండు శాతం నీరు తగ్గితే చాలు, ఏకాగ్రత, చేతి నైపుణ్యం తగ్గడం మొదలవుతుంది. యాభై కిలోల మనిషికి ఆ రెండు శాతం అంటే ఒక లీటరు. పిక్కలను ఉడికించే బాయిలరు, పప్పు ఆరబెట్టే వేడి గది ఉన్న రేకుల షెడ్డులో, ఏప్రిల్ మే నెలలలో, ఒక లీటరు చెమటగా పోవడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యాహ్నం రెండు గంటలకు పప్పు ఎందుకు విరుగుతున్నదో కెమెరా చూపించలేదు. ఆమె నాలుక చూస్తే తెలుస్తుంది.

రెండవది రక్తహీనత. 2019-20లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే ఏ పరిశ్రమలోనైనా వరుసగా కూర్చున్న పదిమంది స్త్రీలలో దాదాపు ఆరుగురు. రక్తం తక్కువైన మనిషి పని చేయగలదు. కాని అదే పనికి ఆమె గుండె, కండరాలు ఎక్కువ శ్రమపడతాయి. సాయంత్రానికి ఆమెలో మిగిలేది ఏమీ ఉండదు. దానిని మనం "ఉత్సాహం లేదు" అంటాం.

మూడవది చేతులు. జీడిపిక్క తొక్కలోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి పదార్థాలు ఉంటాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి, నల్లబరుస్తాయి, పగుళ్లు తెస్తాయి. ఆ చేతితో అన్నం కలుపుకోవడం కూడా కష్టమే. పసిబిడ్డను ఎత్తుకోవడానికి జంకే తల్లులను నేను చూశాను.

నాలుగవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది, నొప్పి మాత్ర. రోజంతా నేల మీద ఒకే భంగిమలో కూర్చుంటే నడుము, మెడ, మోకాళ్లు పట్టేస్తాయి. మందుల దుకాణంలో చీటీ లేకుండానే మాత్ర దొరుకుతుంది. అది వేసుకుంటే మర్నాడు పనికి రావచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. నీరు తాగని శరీరంలో ఆ హాని మరింత ఎక్కువ.

ఈ మాట ఎక్కడ చెప్పినా ముఖ్యమైనదే. ఉద్దానంలో చెప్పినప్పుడు దాని బరువు వేరు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో కిడ్నీ జబ్బు తాకని ఊరు అరుదు. బీపీ, షుగరు లేనివారికి కూడా ఈ జబ్బు ఎందుకు వస్తున్నదో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. కనుక ఏ పరిశ్రమనూ దానికి కారణమని నేను అనను. అయితే మూల కారణం ఏదైనా, ఎండవేడి, నీటి కొరత, నొప్పి మాత్రలు అప్పటికే బలహీనపడిన మూత్రపిండాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. ఈ మూడూ పనిచేసే చోట మనం ఆపగలిగినవే.

ప్రభుత్వాలు కొంత చేశాయి. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను అందుతున్నది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తెచ్చే పథకమూ ఆనాడే మొదలైంది. కాని కుళాయిలో నీరు వచ్చినంత మాత్రాన అది గొంతులోకి దిగదు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు ఆ నీరు తాగే అవకాశం ఇవ్వవలసినది యజమాని.

ఇందులో యజమానికి ఏమిటి లాభం?

ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. జీడి వ్యాపారంలో ధర నిలకడగా ఉండదు. ఎనభై కిలోల పిక్కల బస్తా ధర ఏటేటా మారుతుంది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కల మీద ఆధారపడాలి. వియత్నాం యంత్రాలతో పోటీ పడాలి. "మేమేమైనా సర్కారా?" అని ఆ యజమాని అడిగారు.

ఆయన లెక్కతోనే జవాబు చెప్పాను. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్న దానిని బట్టి 180, 210, 240, 320 అని రకాలు కడతారు. అదే పప్పు బద్ద అయితే ధర తగ్గుతుంది. ముక్క అయితే ఇంకా తగ్గుతుంది. గుండు నుంచి ముక్క దాకా ఉన్న ఆ తేడా మొత్తం, పొట్టు తీసే ఆమె వేళ్ల కొసలలో ఉంటుంది. ఆమె వేళ్లు వణికితే నష్టం మీదే. మంచినీళ్లకయ్యే ఖర్చు ఒక పక్క, విరిగిన పప్పుకయ్యే నష్టం ఒక పక్క పెట్టి చూడండి.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతుంది. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలలో మన ఉద్దానంలో వంటి కిడ్నీ జబ్బే వ్యాపించింది. ఎల్ సాల్వడార్ దేశంలో 2014-15 కోతల కాలంలో కొందరు కూలీలకు వీపున తగిలించుకునే నీటి సంచులు, నీడనిచ్చే కదిలే పందిళ్లు, నిర్ణీత విశ్రాంతి సమయాలు, మెరుగైన కత్తులు ఇచ్చి చూశారు. విశ్రాంతి పెరిగితే పని తగ్గాలి కదా? ఒక మనిషి రోజుకు కోసే చెరకు 5.1 టన్నుల నుంచి ఒక దశలో 7.3 టన్నుల దాకా పెరిగింది. అందులో కొత్త కత్తి పాలు కూడా ఉన్నది. అయినా విశ్రాంతి వల్ల పని కుంటుపడుతుందన్న భయానికి ఆ అంకెలే జవాబు. శ్రీలంక తేయాకు తోటలలో రక్తహీనత ఉన్న స్త్రీలకు ఐరన్ మాత్రలు ఇచ్చి చూసినప్పుడు, వారు కోసిన ఆకు బరువు పెరిగినట్లు 1979లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ స్త్రీలకు ఎవరూ ఉత్సాహం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు.

శరీరం తరువాత మనసు

నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే చాలునా? చాలదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ఇద్దరు సహచరులతో కలసి ఒక పుస్తకం ప్రచురించాడు. జీతం, పనిచేసే చోటి సౌకర్యాలు, పైవారి ప్రవర్తన వంటివాటికి అందులో ఒక వైద్య పదాన్ని వాడారు: పరిశుభ్రతా కారకాలు. మురుగు కాలువ శుభ్రం చేస్తే రోగం రాకుండా ఉంటుంది, అంతమాత్రాన బలం రాదు. అలాగే ఈ సౌకర్యాలు లేకపోతే అసంతృప్తి తప్పదు. ఉన్నంత మాత్రాన ఉత్సాహం పొంగిపోదు. ఉత్సాహం వచ్చేది పని బాగా చేశానన్న తృప్తి నుంచి, దానిని ఎవరో గుర్తించారన్న నమ్మకం నుంచి, కొంత బాధ్యత తన చేతిలో ఉన్నదన్న భావన నుంచి.

చాలామంది యజమానులు ఈ వరుసను తలకిందులు చేస్తారు. దాహంతో ఉన్న మనిషికి ప్రశంసాపత్రం ఇస్తారు. మొదటి మెట్టు ఎక్కించకుండా రెండవ మెట్టు మీద నిలబడమంటారు.

ఆ రెండవ మెట్టుకు కూడా పెద్ద ఖర్చు లేదు. తూకం విషయమే తీసుకోండి. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషికి తూకమే న్యాయస్థానం. ముల్లు ఆమెకు కనిపించేటట్లు తూచి, ఆమె ఎదుటే పుస్తకంలో రాస్తే, ఆ నమ్మకం పండుగ చీర కంటె ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇరవై ఏళ్లుగా పప్పు ఏరుతున్న ఆమెకు ఏ బస్తా పిక్క ఎక్కువగా విరుగుతుందో, ఎంత ఆరితే పొట్టు తేలికగా వస్తుందో మీకంటె బాగా తెలుసు. ఆమెను ఎప్పుడైనా అడిగారా? అడిగిన రోజున ఆమె ఇంటికి వెళ్లి ఆ మాట నలుగురికీ చెప్పుకుంటుంది. నలుగురి ముందు తిట్టిన రోజున కూడా చెప్పుకుంటుంది. ఆ చెప్పుకోవడం లోపలనే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తరువాతి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు తన గిడ్డంగి రేకులు ఎగిరిపోయినా, ముందుగా పనివారి ఇళ్లకు వెళ్లి ఎవరికి ఏమైందో చూసి వచ్చిన ఒక చిన్న యజమానిని నేనెరుగుదును. మూడవ నాడు ఎవరూ పిలవకుండానే ఆ స్త్రీలు వచ్చి ఆయన తడిసిన పిక్కలను ఆరబోశారు. ఆయన వారికి ఏ పుస్తకంలోని సూత్రమూ ప్రయోగించలేదు.

రేపటినుంచి చేయదగినవి

ఆ యజమాని కోరినట్లు ఒక చీటీ రాసిచ్చాను. అదే మీకూ ఇస్తున్నాను.

1. కూర్చున్న చోటికి పదడుగులలో మూతపెట్టిన మంచినీళ్ల కుండ, ఎవరి గ్లాసు వారికి. గంటకొకసారి ఎవరో ఒకరు నీళ్లు తిప్పాలి. వేసవిలో ఉదయం పదకొండుకు ఉప్పు వేసిన మజ్జిగో, చోడి అంబలో ఇవ్వండి.

2. స్త్రీలకు వేరుగా, లోపల గడియ, నీరు, దీపం ఉన్న మరుగుదొడ్లు. మగవారి ఎదుటినుంచి వెళ్లనవసరం లేని దారి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తాగునీటిని, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లను తప్పనిసరి చేసింది. చట్టాలు మారినా ఈ బాధ్యత మారలేదు.

3. ఉదయం పది నిమిషాలు, మధ్యాహ్నం పది నిమిషాలు అందరూ ఒకేసారి లేచి నడవాలి. కూలి కిలో లెక్కన అయితే ఆ ఇరవై నిమిషాల కూలి కలిపి ఇవ్వండి. లేకపోతే ఎవరూ లేవరు.

4. పిక్క కొట్టేవారికి చేతి తొడుగులు. అవి వేసుకుంటే వేలికి పట్టు దొరకడం లేదంటే పనికి ముందు చేతులకు నూనె, పని తరువాత సబ్బు, నీళ్లు. తొడుగు వాడలేదని జరిమానా వేయకండి. ఏ రకం తొడుగు కుదురుతుందో వారినే అడిగి కొనండి.

5. ఏడాదికి రెండుసార్లు రక్తంలో హిమోగ్లోబిన్, క్రియాటినిన్, బీపీ పరీక్షలు. ఫలితం కార్మికురాలి చేతికే ఇవ్వాలి. జబ్బు బయటపడితే పనిలోనుంచి తీసేస్తారన్న భయం ఉంటే ఎవరూ పరీక్షకు రారు. తీసేయబోమని ముందే నలుగురి ఎదుట మాట ఇవ్వండి.

6. పదిమంది, అంతకు మించి పనిచేసే పరిశ్రమకు ఈఎస్ఐ వర్తిస్తుంది. నెల జీతం 21,000 రూపాయల లోపున్నవారికి యజమాని చెల్లించేది జీతంలో 3.25 శాతం, కార్మికుడు చెల్లించేది 0.75 శాతం. నిబంధనల ప్రకారం అర్హులైనవారికి అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు అందుతుంది. ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నవారికి ఆ రోజులలో సెలవు అడగకుండానే ఇవ్వండి. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు ఆసుపత్రిలో కూర్చునే మనిషికి తోడు వెళ్లడం ఎగవేత అనిపించుకోదు.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, పాలిషింగు యూనిట్లు నడిపేవారికి అదనంగా ఒక మాట. రాతిని పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అవుతుంది. అది వచ్చాక తిరిగి పోదు. నీరు చిమ్ముతూనే కోయించండి. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ దుమ్మును ఆపలేదు.

కార్మిక సోదరీసోదరులకు కూడా ఒక మనవి. వైద్యుని చీటీ లేకుండా నొప్పి మాత్ర వేసుకోకండి. అన్నంతోపాటు టీ తాగితే ఆహారంలోని ఐరన్ ఒంటికి పట్టదు, గంట ఆగి తాగండి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ముదిరినవారు ఎంత నీరు తాగాలన్నది వారి వైద్యులే నిర్ణయించాలి. "బాగా తాగండి" అన్న మాట వారికి వర్తించదు.

ముగింపు

ఆనాడు టీ చల్లారిపోయింది. యజమాని చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇందులో మందు ఒక్కటీ లేదు కదండీ" అన్నారు. "మీ పరిశ్రమలో ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ ఉందా?" అని అడిగాను. ఆయన ఆలోచించారు. పదిహేనేళ్లుగా నడుపుతున్న పరిశ్రమ. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను కూడా అన్నేళ్లు అడగలేదు కనుక ఆయనను ఏమీ అనలేకపోయాను.

నెల తరువాత ఫోను చేశారు. రెండు దొడ్లు కొత్తగా కట్టించారట. గైర్హాజరు కాస్త తగ్గిందట. పప్పు సంగతి ఈ పంట కాలం గడిస్తే గాని చెప్పలేనన్నారు. తరువాత ఒక మాట చేర్చారు: "ఇన్నాళ్లకు వాళ్లు నాతో మాట్లాడుతున్నారండీ."

మీ దగ్గర పనిచేసేవారి శ్రద్ధ గురించి బెంగపడే ముందు, రేపు ఉదయం ఒక గంట వారి మధ్యన కూర్చోండి. వారు తాగే నీరే తాగండి. వారు వెళ్లే చోటికే వెళ్లండి. మీకే లేచిపోవాలనిపిస్తే, కారణం ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. మీ పరిశ్రమకు కావలసిన చీటీ అదే.